తొకుజీ తాత తిన్న మూడో రొయ్య

మా తాత హిబినో తొకుజీ చెయ్యని వంటకం లేదు. అందులో ఒక్కటి కూడా ఎవరి నోట్లోకీ పోలేదు.

ఆయన చేసేది బొమ్మ తిండి. హోటళ్ళ ముందు గాజు బీరువాలో పెట్టే నూడుల్స్ గిన్నెలు, కూర పోసిన అన్నం, నురుగు పొంగుతున్న బీరు గ్లాసులు మా గుజో ఊళ్ళోనే పుట్టి దేశమంతటా కాపురాలకు వెళతాయి. హోటలువాళ్ళు అసలు వంటకాన్ని కార్ఖానాకి పంపిస్తారు. దాని మీద జిగురులాంటిది పోసి, గట్టిపడ్డాక అచ్చు తీసి, ఆ అచ్చులో ప్లాస్టిక్ పోసి రంగులు వేస్తారు. అసలు వంటకం చెత్తబుట్టలోకి పోతుంది. తాత పదిహేడేళ్ళప్పుడు ఆ పనిలో చేరాడు. ఇప్పుడు డెబ్బై నాలుగు. అంటే యాభై ఏడేళ్ళుగా నోరూరించే వంటల్ని ఎదురుగా పెట్టుకుని వాటి నెత్తిన జిగురు పోస్తున్నాడన్న మాట.

అందుకే ఆయనతో భోజనానికి కూర్చోవడం ఒక శిక్ష. నానమ్మ గుడ్డు వేయించి పెడితే తినడు, తల పక్కకి వంచి చూస్తాడు. "అంచు భలే కాలింది. ఈ రంగు రావాలంటే నాకు మూడు పూతలు పడుతుంది" అంటాడు. మా అత్త పెళ్ళి విందులో సూపు తాగకుండా, అందులో బఠాణీలు ఎంత లోతు మునిగాయో చూస్తూ కూర్చున్నాడట. సూపులో ఏదో పురుగు పడిందనుకుని పెళ్ళికొడుకు తరపువాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

ఇంత నిక్కచ్చి మనిషి జీవితంలో ఒక్కసారి దొంగతనం చేశాడు. ఆ సంగతి పోయిన మే నెలలో వచ్చిన ఉత్తరం వల్ల బయటపడింది.

ఉత్తరం ఒసాకాలోని హకుచో అనే హోటల్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు యాసుయో. "మా నాన్నగారి కాలంలో మీరు చేసిచ్చిన రొయ్యల పళ్ళెం బొమ్మ వెలిసిపోయింది. అలాంటిదే ఇంకొకటి చేసి పంపగలరు. దయచేసి ఏమీ మార్చవద్దు." అంతే.

తాత అది చదివి తింటున్న అన్నం గిన్నె కింద పెట్టేశాడు.

"ఏమీ మార్చొద్దంటోంది" అన్నాడు.

"అయితే మార్చకు" అంది నానమ్మ.

"మార్చకపోతే మళ్ళీ దొంగనవుతానే!"

అప్పుడు కక్కాడు. నలభై ఒక్క ఏళ్ళ క్రితం ఆ హోటల్ పళ్ళెం ఒసాకా నుంచి రైల్లో, పెట్టెలో వచ్చింది. అందులో సన్నగా తరిగిన క్యాబేజీ, దాని మీదికి వాలిన, రొట్టెపొడి అద్ది వేయించిన మూడు రొయ్యలు. తాత ఆ రోజు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. మూత తీశాడు. వాసన తగిలింది. తోక పట్టుకుని ఒకటి తినేశాడు. తోక కూడా మింగేశాక గాని ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. మిగిలిన రెండు రొయ్యల మధ్య పాలపన్ను ఊడిన నోట్లోలాగా ఖాళీ కనిపించింది. ఏం చెయ్యాలో తోచక తన భోజనం డబ్బా తెరిచాడు. అందులో నానమ్మ పెట్టిన బంగాళాదుంప ముద్ద ఉంది. ఉడికించి మెదిపి, తొక్క తియ్యని ఎర్ర ఆపిల్ ముక్కలు కలిపి ఆవిడ చేసే ముద్ద. దాన్ని గుండ్రంగా చేసి ఖాళీలో కూర్చోబెట్టి అచ్చు పోసేశాడు.

"బొమ్మ వెళ్ళింది. వాళ్ళు తిడుతూ ఉత్తరం రాస్తారని నెల రోజులు చూశాను. రాయలేదు. రాసుంటే పోయేది" అన్నాడు తాత.

నానమ్మ ఫుసా ముఖం ఎర్రబడింది. "అంటే ఆ రోజు నా ముద్ద చెత్తబుట్టలోకి పోయిందా? ఖాళీ డబ్బా తెచ్చి బ్రహ్మాండంగా ఉందన్నావు!"

"రొయ్య సంగతి మాట్లాడుతుంటే..."

"రొయ్య వాళ్ళది. ముద్ద నాది."

తాతకి రెండు రోజులు నిద్ర లేదు. రెండు రొయ్యలతో చేస్తే పాత దొంగతనాన్ని కొత్త రంగులతో మళ్ళీ చేసినట్టు. మూడు పెడితే ఎందుకు మారిందని ఆవిడ అడుగుతుంది. ముందు వెళ్ళి తప్పు ఒప్పుకుంటే గాని చెయ్యి ఆడదన్నాడు. ఫోన్ చెయ్యమన్నాను. "ఇలాంటివి ఫోన్లో చెప్పే మాటలటే?" అని కసిరాడు.

మాలో తప్పు ఒప్పుకోవడానికి వట్టి చేతులతో వెళ్ళరు. మిఠాయి పెట్టె ఉండాలి. అదీ బిస్కెట్ల వంటి తేలిక సరుకు పనికిరాదు. మోసుకొచ్చినవాడి భుజం లాగినట్టు కనపడాలి. అందుకే ఎర్ర చిక్కుడు గింజల హల్వా కొంటారు. ఒక్కొక్క అచ్చు ఇటుక బరువుంటుంది.

"ఒక్క రొయ్యకి ఎన్ని అచ్చులు?" అన్నాను నేను.

"రొయ్య ఒకటే గాని నలభై ఒక్క ఏళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. ఆరు కొను" అంది నానమ్మ.

నేను బడి మధ్యలో మానేసినదాన్ని. రొట్టెల దుకాణంలో పని. బుధవారం సెలవు. ఫోన్లో దారి చూడటం వచ్చు కనుక తాతకి తోడు నన్ను పంపారు. తాత పెళ్ళిళ్ళకి కట్టే టై కట్టుకుని, హల్వా పెట్టెని గుడ్డలో మూటగట్టి రెండు చేతులా పట్టుకుని బస్సెక్కాడు. తర్వాత రైలు, ఇంకో రైలు. పదకొండింటికి ఒసాకాలో దిగాం.

దిగీ దిగగానే కదిలే మెట్ల మీద ఎడమ వైపు నిలబడ్డాడు. ఒసాకాలో కుడి వైపు నిలబడి ఎడమ వైపు నడిచేవాళ్ళకి వదులుతారు. చూస్తుండగానే వెనక ఇరవై మంది పోగయ్యారు. చిరుతపులి మచ్చల చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ, "ఏవండీ పెద్దాయనా, అక్కడే ఇల్లు కట్టుకుంటారా ఏంటి?" అంది.

తాత ఆవిడకి వంగి దండం పెట్టాడు. పెట్టె కొనతో నా మోకాలికి ఒకటి తగిలింది.

"ఆవిడకి కూడా ఒక అచ్చు ఇచ్చెయ్ తాతా, బరువు తగ్గుతుంది" అన్నాను.

హకుచో ఉన్న తెంజిన్‌బాషి బజారుకి అక్కడి నుంచి ఒక్క స్టేషనే. కాని తాత, "ముందు ఏమైనా తిందాం" అన్నాడు. ఇంటి బయట తిండంటే చూడటమే తప్ప తినడం ఎరగని మనిషి అలా అనేసరికి నాకు అనుమానం వచ్చింది. అయినా నాకూ ఆకలేస్తోంది.

స్టేషన్ కింద నేలలోపల ఇంకో ఊరుంది. దానికి మొదలూ లేదు, చివరా లేదు, అంతా హోటళ్ళే. ప్రతి హోటల్ ముందూ గాజు బీరువా. తాత ఒక్కదాన్నీ వదలలేదు. ముక్కు గాజుకి ఆనించి, "ఈ క్యాబేజీ ఆకు మనూరిదే. గోరువెచ్చని నీళ్ళలో మైనం పోసి ఆకులా లాగినవాడి చెయ్యి వణికింది చూడు" అంటాడు. "ఈ గుడ్డు పచ్చసొన దండగమారి పని" అంటాడు. ఒకచోట లోపలి నుంచి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "ఏం కావాలి సార్?" అంది. "ఏమీ వద్దమ్మా, మీ చేప తోక చూస్తున్నాను" అన్నాడు.

చివరికి లాక్కెళ్ళి ఒక ఉడాన్ దుకాణంలో కూర్చోబెట్టాను. లావు నూడుల్స్, మీద తీపిగా ఉడికించిన టోఫు పలక. తాత గిన్నెలోకి చూసి, వంటాయన్ని పిలిచాడు.

"బయట బొమ్మలో టోఫు ఎడమ పక్కన ఉంది. ఇందులో కుడి పక్కనుంది."

వంటాయన గిన్నెలోకి చూశాడు, తాతని చూశాడు. చెయ్యి చాపి గిన్నెని సగం చుట్టు తిప్పాడు.

"ఎడమకొచ్చిందా?"

"వచ్చింది."

"చల్లారకముందే లాగించండి మరి."

అక్కడి నుంచి బయటికొస్తే ఒక పొడుగాటి వరుస కనిపించింది. ఒసాకాలో ఇంతమంది నిలబడ్డారంటే లోపల అద్భుతమైన తిండి ఉండి తీరుతుందని తాత వెళ్ళి చివర నిలబడ్డాడు. మా వాళ్ళకి వరుస కనబడితే కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. ఏం అమ్ముతున్నారని అడగడం నామోషీ. ఇరవై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది, అది కళ్ళజోళ్ళు ఊరికే కడిగిపెట్టే దుకాణమని. తాత కళ్ళజోడు తీసిచ్చి కడిగించుకున్నాడు. పెట్టుకుని నన్ను చూసి, "నీ ముఖం మీద ఇన్ని మచ్చలున్నాయా మివా?" అన్నాడు.

అక్కడ నాకు ఒళ్ళు మండింది.

"తాతా, నీకు ఆకలి కాదు, భయం."

"రెండూ కడుపులోనే ఉంటాయే" అన్నాడు. పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. వేళ్ళ మీద ముడి గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. అది చూశాక నేను వెక్కిరించడం ఆపేశాను, ఒక స్టేషన్ దాకా.

హకుచో బజారు మధ్యలో, గొడుగుల దుకాణం పక్కన ఉంది. గాజు బీరువాలో తాత బొమ్మ ఉంది. రెండు రొయ్యలూ వెలిసి తాత మడమల రంగుకి వచ్చాయి. మధ్యలో ముద్ద, మీద ఒకప్పుడు ఎర్రగా ఉన్న ఆపిల్ ముక్క. తాత గాజుని చొక్కా చేతితో తుడిచి, బొమ్మకే ముందు ఒకసారి వంగాడు.

లోపల యాసుయో మూడు పళ్ళేలు చేతి మీద వరసగా మోసుకుపోతోంది. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం చేపల బజారుకి సరిపోతుంది.

"ఇద్దరేనా? మూల కూర్చోండి. ఆ కుర్చీ ఊగుద్ది, కంగారు పడకండి!"

తాత కూర్చోలేదు. మూట విప్పి పెట్టెని రెండు చేతులా ముందుకు చాపి, నడుము విరిగేంత వంగాడు.

"నేను గుజో నుంచి వచ్చిన హిబినోని. నలభై ఒక్క ఏళ్ళ క్రితం మీ రొయ్య తిన్నానమ్మా. క్షమించాలి."

హోటల్లో చెంచాలన్నీ ఆగిపోయాయి.

"తిని డబ్బులివ్వకుండా పోయారా?" అంది యాసుయో.

"కాదమ్మా. బొమ్మ చెయ్యమని పంపిన పళ్ళెంలోంచి తిన్నాను. ఖాళీ కనపడకుండా మా ఆవిడ డబ్బాలో పెట్టిన ముద్ద పెట్టేశాను."

యాసుయో మూడు పళ్ళేలూ పక్క బల్ల మీద పెట్టేసింది. అవి ఆ బల్లవాళ్ళవి కావు.

"ఆ ముద్ద మీదా!" అంది. "ఆపిల్ మీదా!"

తాత ఇంకా వంగే ఉన్నాడు.

"లేవండి బాబూ, నడుం పట్టేస్తుంది! మా నాన్న ఆ పెట్టె విప్పి మూడ్రోజులు తల పట్టుకున్నాడు తెలుసా? నేనెప్పుడు చేశాను ఈ ముద్ద అని. గుజో వాళ్ళు వెయ్యి హోటళ్ళ పళ్ళేలు చూసినోళ్ళు, మన పళ్ళెంలో లోటు కనిపెట్టి దిద్దారు, అడిగితే మన పరువే పోద్ది అన్నాడు. గాజులో ఉన్నది పళ్ళెంలో ఉండాలా వద్దా? ఆ ఎర్ర ముక్కేంటో తెలీక ముల్లంగి వేశాడు, హామ్ వేశాడు. ఆపిల్ అని తేలేసరికి నాలుగు నెలలు పట్టింది."

"మరి రొయ్యలు?" అన్నాను.

"అప్పట్నుంచీ రెండే. ఎవరికి కావాలి రొయ్యలు? అందరూ ముద్ద కోసమే వస్తారు."

మూల కూర్చున్న బట్టతలాయన చెయ్యెత్తాడు. "నేను ముప్పై ఏళ్ళుగా వస్తున్నా. రొయ్యలు మా ఆవిడకి ఇచ్చేస్తా."

తాత నిటారుగా లేచాడు. నలభై ఒక్క ఏళ్ళు మోసిన పాపం పోయినందుకు ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖంలో, ఇరవై నిమిషాలు నిలబడి కళ్ళజోడు కడిగించుకున్నప్పటి వెర్రి చూపే ఉంది.

యాసుయో రెండు పళ్ళేలు తెచ్చిపెట్టింది. నాకు మూడు రొయ్యలు, తాతకి రెండు.

"మూడోది మీరు ఎప్పుడో తిన్నారుగా" అంది.

తాత మొదటిసారి పళ్ళెం వంక తల వంచి చూడకుండా తిన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "మీ నానమ్మదే" అన్నాడు. తర్వాత రొయ్య కొరికి, యాసుయో అటు తిరిగాక నా చెవిలో, "ఆ రోజుదే బాగుందే" అన్నాడు. అది చల్లారిపోయి, రైల్లో ఊగి వచ్చిన రొయ్య.

"దొంగది కదా మరి" అన్నాను.

వచ్చేటప్పుడు యాసుయో తాజా పళ్ళెం ఒకటి జాగ్రత్తగా పెట్టెలో సర్ది ఇచ్చింది. రెండు రొయ్యలు, ఒక ముద్ద, ఏమీ మార్చొద్దు. తాత వంగి మాటిచ్చాడు. ఇకమీదట ఏ పళ్ళెంలోంచీ ఏదీ తియ్యను, ఏదీ పెట్టను, వచ్చింది వచ్చినట్టే చేస్తాను అని. రైల్లో ఆ పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని, నేను ఆవలించినా అనుమానంగా చూశాడు.

ఇంటికొచ్చి మూత తీశాడు. మేం నోరు తెరిచేలోపు నానమ్మ చూపుడు వేలితో ముద్దలో గుచ్చి తీసి నాకింది.

"ఉప్పు తక్కువ" అంది. "నలభై ఒక్క ఏళ్ళుగా ఒసాకా వాళ్ళకి చప్పిడి ముద్ద పెడుతున్నారన్న మాట."

ముద్ద నడినెత్తిన వేలెడు గుంట. నేను చెంచాతో పూడ్చబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "మాటిచ్చాను. వచ్చింది వచ్చినట్టే."

"వచ్చినప్పుడు గుంట లేదు తాతా!"

"పూడిస్తే నేను పెట్టినట్టు అవుతుంది" అని ఆ గుంటతోనే అచ్చు పోశాడు. బొమ్మ మాత్రం ఏం కుదిరిందో! నానమ్మ వేలి గీతలు కూడా పడ్డాయి.

నిన్న యాసుయో నుంచి కార్డు వచ్చింది. కొత్త బొమ్మ అద్భుతంగా ఉందట. ఇప్పుడు ప్రతి ముద్ద మీదా వేలితో గుంట పెట్టి వడ్డిస్తున్నారట. అయితే ఆ గుంటలో ఏం పొయ్యాలో మాత్రం అంతు పట్టలేదట. సోయా పోశాం, వెన్న పెట్టాం, మీ ఉద్దేశం ఏమిటో చెప్పగలరా అని రాసింది.

తాత పొద్దున్నే హల్వా దుకాణానికి వెళ్ళి వచ్చాడు. బుధవారం బస్సుకి ఈసారి నానమ్మ కూడా వస్తోంది. పెట్టె ఆవిడే మొయ్యాలట.