పీప్ సైట్ లోంచి కనిపించిన వంకర

నా తుపాకి గొట్టం చివర ఒక ఇత్తడి రేకు నిలబడి ఉంటుంది. గోరంత ఎత్తు. దాన్ని ముందు గురి అంటాం. వెనక, కంటికి దగ్గరగా, చిన్న గాడి ఉన్న మరో రేకు ఉంటుంది. గాడి మధ్యలో ముందు గురిని నిలిపి, దాని కొసను దూరాన ఉన్న నల్ల చుక్క కింద ఆన్చి కాల్చాలి. గాడి, రేకు, చుక్క మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. వయసులో ఉన్నవాళ్ల కన్ను ఆ మూడింటి మధ్యా చప్పున తిరిగి వస్తుంది. ముసలి కన్ను ఏదో ఒకదాని దగ్గర ఆగిపోతుంది, మిగతా రెండూ నీళ్లలో పడ్డట్టు కరిగిపోతాయి.

నేను కెనడాలోని ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో కొలతల విభాగంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక రేకు తిన్నగా ఉందా, ఒక రంధ్రం గుండ్రంగా ఉందా అని చూడటమే నా ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఏ రోజు ఏం చేశానో చెప్పగలను, కానీ ఈ తుపాకి పిచ్చి ఎందుకు పట్టుకుందో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఊరికి ఉత్తరాన పొలాల మధ్య పాతకాలపు తుపాకుల క్లబ్బు ఒకటి ఉంది. ఎవరో తీసుకువెళితే చూడటానికి వెళ్లాను. ఒకాయన గొట్టం మూతిలోంచి తుపాకి మందు పోసి, నూనె గుడ్డలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దిగగొట్టి, చెకుముకి రాయితో నిప్పు రాజేసి కాల్చాడు. పొగ విడిపోయేదాకా తగిలిందో లేదో తెలియదు. ఆ తొందర లేని పని నాకు నచ్చింది.

మా ఆవిడకు నచ్చలేదు. మనవాళ్లంతా రిటైరయ్యాక గోల్ఫ్ ఆడుతున్నారు, లేకపోతే టొమాటోలు పెంచుతున్నారు, మీరొక్కరే కుళ్లిన గుడ్ల కంపుతో ఇంటికొస్తున్నారు అనేది. ఆదివారం నేను రాగానే బట్టలు గరాజ్‌లోనే విప్పాలి. అది మా ఇంటి చట్టం.

ఆ మొదటి రోజు కాల్చినాయన హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన కెనడా మనిషి. మా ఇంట్లో ఆయన పేరు మేష్టారు. ఆయనకు నాకన్నా వయసెక్కువ, కళ్లు మాత్రం డేగ కళ్లు. ఏళ్ల తరబడి ఆదివారాలు ఆయన పక్క బల్ల నాది. ఒకరు కాలిస్తే రెండోవారు దుర్బిణీలోంచి చూసి ఎక్కడ తగిలిందో చెప్పాలి. పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. పైన కాస్త, ఎడమకు కాస్త, ఇప్పుడు బాగుంది. ఇండియాలో ఇంజనీరింగ్ చదివిన నాటి స్నేహితులతో కూడా నాకు ఇంత కాలం ఇంత నిదానంగా నడిచిన సంభాషణ లేదు. అందుకే ముందు గురి మసకబారడం మొదలైనప్పుడు నా భయమంతా ఆ బల్ల గురించే.

దానికి విరుగుడు పీప్ సైట్. వెనక ఉన్న గాడిని తీసేసి, చేయి పట్టుకునే చోటుకు కాస్త పైన, మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న బిళ్లను నిలబెడతారు. రంధ్రాన్ని చూడకూడదు, రంధ్రంలోంచి చూడాలి. కన్ను దానంతట అదే మధ్యను వెతుక్కుంటుంది. సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుతురులో ముందు గురీ, దూరాన చుక్కా రెండూ ఒకేసారి తేటపడతాయి. దాన్ని బిగించుకుని మొదటిసారి చూసినప్పుడు, ఇత్తడి రేకు అంచు మీద ఆకురాయి గీతలు కనిపించాయి. ఆ రోజు డైరీలో చాలా రాశాను.

మేష్టారికి అది ఇష్టం లేదు. మా బల్లల వరస అసలైన పాత పద్ధతివాళ్లది, గాడి గురి తప్ప మరొకటి ఒప్పుకోరు. ఆ నియమాన్ని కాపాడేది మేష్టారే. పీప్ సైట్లు కూడా పాతవే, తాతల కాలంలోనే ఉండేవని వాదించాను. ఉండేవి, కానీ ఈ వరసలో కాదు అన్నాడు. పీప్ సైట్లవాళ్లు చివరి బల్లల దగ్గర కాలుస్తారు. ఆ మూలను మేష్టారు కళ్లజోళ్ల వార్డు అనేవాడు. తలొంచుకుని నేను ఆ వార్డుకు మారాను. కొన్ని వారాలకు ఆయన కూడా తన స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి నా పక్క బల్ల దగ్గర వేసుకున్నాడు.

"ఇక్కడ గాలి తక్కువ," అన్నాడు. గాలి అక్కడా ఇక్కడా ఒకటే.

కొన్నేళ్లు బాగా గడిచాయి. ఆ తరువాత గుళ్లు చెదిరిపోవడం మొదలైంది. ఒక పద్ధతి ప్రకారం వెతికాను. ఒక వారం మందు తగ్గించాను, మరో వారం గుడ్డ మందం మార్చాను, రంధ్రం ఇంకా సన్నగా ఉన్న బిళ్ల తెప్పించాను. ఒక్కసారికి ఒక్క మార్పు, ఉద్యోగంలో నేర్చుకున్నదే. ఆ వెతకడంలోనే ఒక ఉదయం పీప్ సైట్‌లోంచి చూస్తే ముందు గురి వంగి ఉంది. కొస దగ్గర కుడివైపుకు ఒదిగింది.

గరాజ్‌లో తుపాకిని బిగించి స్టీలు స్కేలు ఆనించి చూశాను. స్కేలు ప్రకారం రేకు తిన్నగానే ఉంది. మళ్లీ రంధ్రంలోంచి చూశాను. వంకరే. చాలాసేపు ఆలోచించాను. స్కేలు కాల్చదు, కన్ను కాలుస్తుంది. కంటికి తిన్నగా కనిపించాలి, అంతే. ఇలా తీర్పు చెప్పుకుని, పట్టకారుకు తోలుముక్క చుట్టి రేకును ఎడమవైపుకు కొద్దికొద్దిగా వంచాను. ప్రతిసారీ రంధ్రంలోంచి చూసుకుంటూ, అది నిటారుగా నిలిచేదాకా వంచాను. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ, ఆ కన్ను మూసి ఈ కన్ను తెరిచి ఏం చూస్తున్నారండీ, దిష్టి తీస్తున్నారా అంది. నాకు చాలా తృప్తిగా ఉంది. రెండు కళ్లూ తెరిచి చూస్తే గరాజ్ తలుపులూ గోడ అంచులూ అన్నీ తిన్నగానే ఉన్నాయి మరి.

ఆదివారం గుళ్లు ఇంకా చెదిరాయి. తుపాకి మొండికేస్తే పక్కవాడి చేత ఒక గుండు కాల్పించడం మా దగ్గర ఆచారం. లోపం తుపాకిదా మనిషిదా అన్నది దానితో తేలిపోతుంది. నింపి మేష్టారి చేతికిచ్చాను. ఆయన భుజానికి ఆనించి, రంధ్రంలోంచి చూసి, కాల్చకుండానే దించేశాడు.

"దీన్ని ఎవరు వంచారు?"

"వంచలేదు. వంగి ఉంటే సరిచేశాను."

ఆయన రేకు మీద వేలు పెట్టి తడిమాడు. నా ముఖంలోకి చూశాడు. తరువాత తన తుపాకి తీసి నా చేతికిచ్చాడు, కుడి కంటితో చూడమన్నాడు. గాడి గురి కాబట్టి మసకగా ఉంది, కానీ మసకలో కూడా తెలుస్తూనే ఉంది.

"నీది కూడా వంగింది," అన్నాను.

"నాది తిన్నగానే ఉంది," అన్నాడు మేష్టారు. చాలా మెల్లగా అన్నాడు.

కంటి డాక్టరు దగ్గర ఒక నల్లటి గరిటెలాంటిది చేతికిచ్చారు. దానికి సన్నటి రంధ్రాలున్నాయి. కుడి కంటికి అడ్డం పెట్టుకుని గోడ మీద అక్షరాలు చదవమన్నారు. నాకు నవ్వొచ్చింది, ఇది నా పీప్ సైటే. కానీ రంధ్రంలోంచి కూడా అక్షరాలు తేటపడలేదు. రంధ్రంతో చూపు మెరుగైతే లోపం కంటి ముందు భాగంలో ఉన్నట్టు, అద్దాలతో సరిపోతుంది. మెరుగవకపోతే కంటి వెనక తెర చెడుతున్నట్టు అని డాక్టరమ్మాయి ఓపికగా చెప్పింది. గళ్ల కాగితం చూపిస్తే మధ్యలో గీతలన్నీ కుడివైపుకు ఒదిగి ఉన్నాయి. ఇంజెక్షన్లు ఇస్తామంది. అవి ఇంకా పోకుండా ఆపడానికే, పోయినదాన్ని తేవడానికి కాదు అని కూడా అంది. నా కుడి కంట్లో చివరికి అవి ఆపలేదు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు కారు మా ఆవిడ నడిపింది.

"ఇంక చాలండీ. ఆ గన్ క్లబ్బుకే ఇచ్చెయ్యండి."

"ఎడమ కన్ను ఉంది కదా."

"దాన్ని టీవీ చూడ్డానికైనా ఉంచుకోండి," అంది.

మేష్టారు రేకును తన గరాజ్‌లో తిన్నగా చేసి తెచ్చాడు. నేను ఎడమ భుజం నేర్చుకున్నాను. ముసలితనంలో భుజం మార్చడం ఎడమచేత్తో అన్నం తిన్నట్టే ఉంటుంది. చెకుముకి రాయి తుపాకికి కుడి పక్కనే ఉంటుంది కాబట్టి నిప్పురవ్వలు బుగ్గకు మరీ దగ్గరగా పడేవి. అయినా ఆ వేసవంతా రంధ్రంలోంచి రేకు నిటారుగా కనిపించింది. గుళ్లు కూడా చుక్క చుట్టూనే తగిలాయి. మేష్టారు కళ్లజోళ్ల వార్డులో నన్ను కొత్త కుర్రాడు అనేవాడు. డాక్టరు మాత్రం ఎడమ కంట్లో కూడా మచ్చలు మొదలయ్యాయని, ఎప్పుడు ముదురుతాయో చెప్పలేమని ముందే అన్నది. గళ్ల కాగితం ఫ్రిజ్ మీద అంటించి రోజూ చూసుకోమంది. మొదట్లో చూసుకునేవాణ్ణి. తరువాత మానేశాను.

ఆకులు రాలే కాలంలో ఒక ఆదివారం. మందు పోసి, గుండు దిగగొట్టి, చెకుముకి కింది చిన్న పళ్లెంలో మందు వేసి, ఎడమ బుగ్గ ఆనించి చూశాను. రేకు కొస ఒదిగి ఉంది. తుపాకి దించి రంధ్రాన్ని నూనె గుడ్డతో తుడిచాను. కన్ను తుడుచుకున్నాను. మళ్లీ చూశాను. ఈసారి వంకర పక్కన నల్ల చుక్కలో సగం లేదు.

ఏమైందని పక్క స్టూలు మీంచి మేష్టారు అడిగాడు. నేను తుపాకిని ఆయన వైపు చాచాను. ఆయన తీసుకుని భుజానికి ఆనించి చూశాడు. చూడవలసిన దానికన్నా ఎక్కువసేపు చూశాడు.

"తిన్నగా ఉంది," అన్నాడు.

"తెలుసు. నింపింది కదా, కాల్చెయ్యి."

ఒకసారి నింపాక కాల్చి ఖాళీ చేయడమే మాకు అలవాటు. ఆయన కాల్చాడు. పొగ మా ఇద్దరి మీదుగా పొలంలోకి మెల్లగా సాగిపోయింది. ఎక్కడ తగిలిందో చెప్పవలసిన వంతు నాది. దుర్బిణీ నా ముందే ఉంది. వంగి చూశాను. కాగితం తెల్లగా కనిపించింది, మధ్యలో మాత్రం ఏమీ లేదు, బూడిద రంగు మరక తప్ప.

మేష్టారు నా జవాబు కోసం చూస్తున్నాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకరికొకరం తప్పు చెప్పింది లేదు. నేను దుర్బిణీని ఆయన వైపు తిప్పాను. ఆయన చూసి, మధ్యలో తగిలింది అన్నాడు.

కావచ్చు. తుపాకిని ఆయన దగ్గరే వదిలి, మా ఆవిడ కారు తెచ్చేదాకా గేటు దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చాక గరాజ్‌లో బట్టలు విప్పబోతే, పొగ వాసన రావడం లేదు, లోపలికి వచ్చెయ్యండి అంది.