చెప్పులు వేసుకున్నవాళ్లకు తగలని షాకు

2013 డిసెంబరు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో, గీజర్లు బాగుచేసే మాలాంటివాళ్లకు తీరిక దొరకని నెల. మందిర్ హసౌద్ దారిలోని ఒక అపార్టుమెంటు నుంచి ఫోను వచ్చింది. నయా రాయపూర్‌లో ఆఫీసరుగా చేసే తెలుగాయన ఇల్లు. "వంటింటి గీజరులో నీళ్లు సరిగా కాగడం లేదు, సర్వీసింగ్ చేసి వెళ్లండి" అన్నారు. షాకు సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్లేసరికి ఇంటావిడ పనిమనిషి మీద కేకలేస్తోంది. ఆ పనిమనిషి పేరు పైడమ్మ, శ్రీకాకుళం వైపు మనిషి.

"వారం నుంచి గిన్నెలు సగంలో వదిలేస్తోందండీ. నల్లా ముట్టుకుంటే కరెంటు కొడుతోందట. అంతా బహానా, పని ఎగ్గొట్టే వంక. రేపటి నుంచి రావద్దన్నాను" అంది ఆవిడ నాతో.

"బహానా కాదు బాబూ. ఏన్నీళ్ల నల్లా ఇప్పితే సురుక్కుమంటంది. మోసెయ్యి దాకా లాగేత్తంది" అంది పైడమ్మ.

పాపను పక్కన కూర్చోబెట్టుకున్న ఆఫీసరుగారు సోఫాలోంచి నవ్వారు. "మేమూ అదే నల్లా తిప్పుతున్నాం. కరెంటుకి కూడా మనుషుల్ని చూసి కొట్టడం తెలుసన్నమాట!"

నేను ఆయన కాళ్ల వైపు చూశాను. రబ్బరు చెప్పులున్నాయి. ఆవిడ కాళ్లకూ ఉన్నాయి. పైడమ్మవి గుమ్మం బయట, లిఫ్టు పక్కన ఉన్నాయి. ఆ ఇంట్లో పనిమనిషి చెప్పులు లోపలికి రాకూడదు. తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడేది ఆమె ఒక్కతే.

టెస్టరు నల్లాకు ఆనించాను. వెలిగింది.

మెయిన్ ఆపి గీజరు మూత విప్పాను. నీళ్లను కాచే గొట్టాన్ని ఎలిమెంట్ అంటాం. బోరు నీళ్ల సున్నం దాని మీద పెచ్చులు కట్టింది. లోపల గొట్టం చిట్లి, కరెంటు నీళ్లలోకి దిగుతోంది. అలాంటప్పుడు కాపాడేది ఎర్తింగ్, అంటే కారిన కరెంటును నేలలోకి దింపే పచ్చ వైరు. దాన్ని ఎవరో కత్తిరించి, కొనకు నల్ల టేపు చుట్టి, మూత వెనక దాచారు.

"ఇది ఎవరి పని సార్?"

"పోయిన వారం కరెంటు మిస్త్రీ వచ్చాడు. గీజరు వేస్తే చాలు, మెయిన్ దగ్గరి స్విచ్ పడిపోయేది. పది నిమిషాల్లో సరిచేశాడు. మళ్లీ ఒక్కసారి పడలేదు" అన్నారాయన మెచ్చుకోలుగా.

ఆ స్విచ్‌ని ఈఎల్‌సీబీ అంటాం. కరెంటు ఎక్కడైనా నేలలోకి కారితే పడిపోవడమే దాని పని. అది ప్రమాదమని అరుస్తుంటే, నా వృత్తిలోని మనిషే పచ్చ వైరు తెంచి దాని నోరు కట్టేశాడు. పైడమ్మ ఒంట్లోంచి పోతున్న కరెంటు ఇంకా స్విచ్‌ని పడగొట్టేంత లేదు. అంతవరకూ ఆ ఇంటికి ఎర్తు వైరు ఆమే.

ఇదంతా చెప్పాను. ఆఫీసరుగారు చెయ్యి ఊపారు. "ఇంట్లో చుట్టాలున్నారు, వంటింట్లో వేన్నీళ్లు కావాలి. ఎలిమెంటు వచ్చే వారం మార్చుదురుగాని. ఈలోగా పనిదానికి ఓ జత రబ్బరు చెప్పులు పడేస్తాం."

నేను మూత నేల మీద పెట్టేశాను. "ఈ మూత నేను బిగించను సార్. మీ పాప ఒకరోజు చెప్పులు మరిచిపోయి ఆ నల్లా తిప్పితే?"

ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు. "పాపా, అటు పోకు! ఇవాళే మార్చేయండి, ఇప్పుడే!" అన్నారు. ఇన్నేళ్లయినా నాకు కోపం తగ్గనిది ఆ లేచి నిలబడడం మీదే. వారం రోజుల నుంచి ఒక మనిషి మోచేయి పట్టుకుని చెబుతుంటే ఆయన సోఫాలోంచి కదల్లేదు.

సాయంత్రానికి కొత్త ఎలిమెంట్ వేశాను. పచ్చ వైరు కలిపాను. గీజరు తొట్టి తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే ఆనోడ్ కడ్డీ కూడా మార్చాను. మీటరు సున్నా చూపించింది. అయినా పైడమ్మ చెయ్యి ముందుకు రాలేదు. నేను బూట్లు, సాక్సులు విప్పి, తడి గచ్చు మీద నిలబడి నల్లా తిప్పాను. అప్పుడు ఆమె వచ్చి వేన్నీళ్ల కింద చాలాసేపు చెయ్యి పెట్టి ఉంచింది.

"అమ్మా, నాను అబద్ధం ఆడలేదని ఒక్క మాట అనండి" అంది ఇంటావిడతో.

"సరేలే, రేపు టైముకి రా" అంది ఆవిడ.

గీజరుకు ఏడాదికోసారి సున్నం గీకాలని, ఆనోడు, ఎర్తు చూడాలని నాకు పని నేర్పినవాళ్లు చెప్పారు. వట్టి కాళ్లతో నిలబడే మనిషిని ముందు అడగాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా సంచి విప్పకముందే గిన్నెలు తోమే మనిషిని పిలవమంటాను. "దానికేం తెలుసు?" అంటారు. ఆ ఇంట్లో నా టెస్టరు కన్నా వారం ముందే పైడమ్మ చెప్పింది.