తాజ్‌మహల్‌కు ఒక పూట

పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. పక్క సీట్లో నడివయసు ఆమె ఒళ్లో పెద్ద రంగుల కాగితం పరుచుకుని చూస్తోంది. ఆమెది అచ్చు కార్ఖానాలో కాగితాలు మడిచే పని. రంగులు చెదిరి పక్కన పడేసిన కాగితాలను అక్కడి ఆడవాళ్లు ఇంటికి తెచ్చి గూళ్లలో పరుచుకుంటారట.

"జెర సదివి చెప్పు పెద్దయ్యా. పొద్దంత మడుస్త గని ఏమున్నదో ఎర్కలేదు."

పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చినవాణ్ణి, ఇంగ్లీషు కూడా కూడబలుక్కుంటాను. చదివాను. డబ్బున్నవాళ్ల కోసం ప్రత్యేక విమానంలో ప్రపంచ యాత్ర అని ప్రకటన. పిరమిడ్లు, జలపాతాలు, అన్నీ వివరించడానికి వెంట ఒక పండితుడు. తాజ్‌మహల్‌కు ఒక పూట. నాకు ఒళ్లు మండింది. ఒక్క పూటలో ఏం చూస్తారు వీళ్లు?

"వీటిల్ల రైలు పోయేది ఏదన్న ఉన్నదా?" అందామె.

"గిదొక్కటే బిడ్డా, తాజ్‌మహల్."

ఆ బొమ్మ పైకి వచ్చేలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "నువ్వు సూసినవా?"

"చూసిన," అని అబద్ధమాడాను. యాభై ఏళ్లుగా పోవాలనుకుంటూ పోలేకపోయినవాణ్ణి. తాజ్‌మహల్ గురించి పుస్తకాల్లో చదివిందంతా ముత్తంగి దాటేదాకా చెప్పాను.

"ఆడ చెప్పులు ఇడువాల్నట గద. ఎండకు రాయి కాళ్లకు కాలుతదా?"

ఆ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె నా ముఖం చూసి నవ్వింది.

"నువ్వూ పోలేదన్నట్టు. పోయిరా పెద్దయ్యా, జల్దీ పోయిరా," అని ఇస్నాపూర్‌లో దిగిపోయింది.

ఇప్పటికీ ఎండాకాలంలో మా వాకిట్లో షాబాదు బండ మీద ఒట్టి కాళ్లతో అడుగుపడితే, కాసేపు అలాగే నిలబడతాను.