సుబ్బలక్ష్మి కూర్చునే సీటు

భీమేశ్వరరావు కారు కొన్నది ఉద్యోగంలో ఆఖరి ప్రమోషన్ వచ్చిన ఏడు. అమలాపురం దగ్గర పల్లెటూరిలో పుట్టి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, బదిలీల మీద బదిలీలు తిరిగి, చివరికి హైదరాబాదులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కొత్తగూడలో ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటారు. కూతురు వాసంతికి గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆఫీసు బస్సు సందు చివరికే వస్తుంది కాబట్టి ఆ పిల్లకి కారుతో పనిలేదు. కారు పూర్తిగా ఆయనది.

ఆ కారులో ఎక్కాలంటే కొన్ని పద్ధతులు ఉండేవి. చెప్పులు దులుపుకుని ఎక్కాలి. తలకి నూనె రాసుకున్న రోజు వెనక్కి ఆనుకోకూడదు. లోపల ఏదీ తినకూడదు. ఒకసారి అన్నవరం వెళ్ళి వస్తూ ఆయన భార్య సుబ్బలక్ష్మి ప్రసాదం ఆకు విప్పబోయింది. ఆయన కారు రోడ్డు పక్కన ఆపేశాడు. తల్లీకూతుళ్ళిద్దరూ కిందకి దిగి, ఎండలో నిలబడి తిని, చేతులు కడుక్కున్నాకే బండి కదిలింది. సుబ్బలక్ష్మికి కోపం రాలేదు. "మీ నాన్నగారిది మడి కట్టుకున్న కారే" అని కూతురితో అని నవ్వేసింది. ఆవిడ అన్నిటికీ అలాగే నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఏముందో చూడాల్సిన అవసరం భీమేశ్వరరావుకి ఏనాడూ కలగలేదు.

ఆయన రిటైరైన మరుసటి వేసవిలో ఆవిడకి కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కీమో అన్నారు. మూడు వారాలకి ఒకసారి పొద్దున్నే తీసుకెళ్ళి, సాయంత్రం దాకా ఉంచి, తీసుకురావాలి.

మొదటిసారి తిరిగి వస్తుంటే సాయంత్రం ట్రాఫిక్‌లో కారు చిక్కుకుంది. ముందు బస్సులు, పక్కన బైకులు. సుబ్బలక్ష్మి రెండు చేతులతో నోరు మూసుకుంది. అద్దం దించేలోపే వాంతి అయిపోయింది. చీర మీదా, సీటు మీదా, తలుపు మీదా పడింది.

"అయ్యో, సీటు!" అన్నాడు భీమేశ్వరరావు.

ఆయన కావాలని అన్నమాట కాదది. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది. వెంటనే నాలుక కరుచుకుని "నీకెలా ఉంది?" అని అడిగాడు. కానీ ఆవిడ అప్పటికే పమిట చెంగుతో సీటు తుడవడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా తుడుస్తూనే ఉంది.

మూడు వారాలు గడిచాయి. రెండోసారి ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున ఆయన తాళాలు పట్టుకుని కిందకి దిగేసరికి గేటు ముందు ఆటో ఉంది. లోపల సుబ్బలక్ష్మి కూర్చుని ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, భుజం మీద పాత తువ్వాలు.

"ఇదేమిటి, కారుండగా ఆటో ఎందుకు?"

"వాసంతి చేత బుక్ చేయించానండి. ఆటో అయితే గాలి వస్తుంది. మళ్ళీ కారు పాడవుతుంది కదా. మీరు వెనకాల కారులో రండి."

భీమేశ్వరరావు గేటు దగ్గరే నిలబడిపోయాడు. వాచ్‌మన్ వీరేశం చూస్తున్నాడు, ఆటో డ్రైవరు చూస్తున్నాడు. ఆయన తాళాలు జేబులో వేసుకుని, ఆటోలో ఆవిడ పక్కన ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా కుదుపుకి ఆవిడ కడుపు పట్టుకుంటూనే ఉంది.

ఆ రాత్రి ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. ఏం జరిగినా మర్నాటికి మరక కనిపించకూడదు. కారు గురించి ఆవిడకి ఇంక బెంగ ఉండకూడదు. ఫోనులో వీడియోలు వెతికి చూశాడు. ఇంట్లోనే కారు లోపలంతా శుభ్రం చేసుకునే పద్ధతి చూపిస్తున్నారు. ఆల్ పర్పస్ క్లీనర్ అని ఒక చిక్కటి మందు. సీట్లకి, తలుపులకి, డాష్‌బోర్డుకి, చివరికి టైర్లకి కూడా అదే. నీళ్ళు కలిపే పాళ్ళు మాత్రం వేరు. గుడ్డ సీట్లకి ఒక వంతు మందుకి పది వంతుల నీళ్ళు కలిపి స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, తడి గుడ్డతో రెండుసార్లు తుడవాలి. అయిదు లీటర్ల డబ్బా తెప్పించాడు. పచ్చగా, నిమ్మకాయల వాసనతో ఉంది.

ఆవిడని మళ్ళీ కారెక్కించడానికి బతిమాలాల్సి వచ్చింది. "ఎన్నిసార్లయినా చేసుకో సుబ్బులూ. ఒక్క పూటలో పోతుంది. చూడు, మందు తెప్పించాను" అని డబ్బా ఎత్తి చూపించాడు. చంటిపిల్లని మరిపించినట్టు ఆయన మాట్లాడటం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. కారెక్కింది.

అప్పటినుంచి సాయంత్రాలు సెల్లార్‌లో గడిచాయి. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నాలుగు తలుపులూ తెరిచి, సీటు మీదకి వొంగి రుద్దుతుంటే, ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో సుబ్బలక్ష్మి లిఫ్టులో కిందకి వచ్చేది. వీరేశం ప్లాస్టిక్ కుర్చీ వేసేవాడు. తలకి చున్నీ చుట్టుకుని, కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చునేది.

పని చేస్తూ ఆయన మాట్లాడేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలు మీద నోటు రాయడం రాక పడ్డ అవస్థ, పెళ్ళిచూపుల్లో ఆవిడ పెట్టిన కాఫీలో పంచదార మర్చిపోతే మొహమాటపడి తాగేయడం, వాసంతి పుట్టిన రోజు వానలో గొడుగు పోగొట్టుకోవడం. ఆవిడ అడిగేది, ఆయన చెప్పేవాడు. చీకటి పడి సెల్లార్‌లో లైట్లు వేసేదాకా కబుర్లు సాగేవి. కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటుందో ఆయన అడగలేదు. సెల్లార్‌లో దుమ్ము కదా అనుకున్నాడు.

వాంతి వాసన మాత్రం పూర్తిగా పోయేది కాదు. సీటు లోపలి స్పాంజిలోకి ఇంకిపోయింది. దాంతో ఆయన పాళ్ళు మార్చాడు. పది వంతుల నీళ్ళు అయిదయ్యాయి, తర్వాత మూడయ్యాయి. వేళ్ళు పగిలాయి. డాష్‌బోర్డు మీద తెల్లటి పొర కట్టింది. సీటు రంగు వెలిసింది.

"ఇగ చాలు సార్, గింత గనం రుద్దితే సీటు చినుగుతది" అన్నాడు వీరేశం.

"చినిగితే చినగనీ" అన్నాడు ఆయన. ఆ కారు గురించి ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

వర్షాకాలం వచ్చేసరికి కొత్త భయం పట్టుకుంది. సుబ్బలక్ష్మికి ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడే వాంతులవుతున్నాయి. కారు మెయిన్ రోడ్డెక్కకముందే మొహం పాలిపోతోంది. డాక్టరు కూడా ఆశ్చర్యపోయి మాత్రలు మార్చాడు. మనిషి చిక్కిపోతోంది. రోగం ముదురుతోందని భీమేశ్వరరావు లోలోపల కుమిలిపోయాడు. ఏం చేయాలో తెలియక, కారు మరింత శుభ్రంగా కడిగాడు.

అసలు సంగతి చెప్పింది సీతాబాయి. వీరేశం భార్య, వాళ్ళింట్లో అంట్లు తోముతుంది. ఒకరోజు ఆయన బాల్చీలో మందు కలుపుతుంటే వచ్చి గోడ పక్కన నిలబడింది.

"సార్, నేను చెప్పిన్నని అమ్మతోని అనకుర్రి."

"ఏమిటి?"

"అమ్మకు గా పచ్చమందు వాసన పడ్తలేదు సార్. కార్ల కూసోంగనే కడుపుల తిప్పుతదంట. అందుకే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటది. దవాఖానకు పొయ్యే దినం పొద్దుగాల ఏం తింటలేదు. ఎట్లైనా కక్కుడే గదా అని ఇడ్లీలు నాకిస్తున్నది."

ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నేను గదే అడిగిన. ‘గింత కష్టపడి నాకోసం చేస్తుండు, వద్దని ఎట్ల చెప్పాలె’ అన్నది."

ఆయన బాల్చీ అక్కడే వదిలేసి మెట్లెక్కి పైకి వెళ్ళాడు. సుబ్బలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం అంచున కూర్చున్నాడు. తన చేతులు అదే వాసన వేస్తున్నాయని గుర్తొచ్చి లేచి, సబ్బుతో కడుక్కుని మళ్ళీ వచ్చాడు.

"సుబ్బులూ, ఆ మందు వాసన నీకు పడటం లేదా?"

ఆవిడ ఇటు తిరిగింది. "సీతాబాయి చెప్పేసిందా?"

"ఎవరు చెబితే ఏం? నువ్వు చెప్పాలి కదా."

"మొదట్లో బాగానే ఉండేదండి. రానురాను ఆ వాసన తగిలితే చాలు, ఆసుపత్రిలో కీమో సూది గుచ్చినట్టే ఉండేది."

"మరి నేను కడుగుతుంటే కిందకి వచ్చి కూర్చునేదానివి! అంత వాసనలో ఎందుకు కూర్చున్నావ్?"

"మీరక్కడ ఉండేవారు కదండీ."

ఆయన ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. ఆవిడ మెల్లగా చెప్పింది. "ఇంట్లో అయితే మీకు పేపరు, లేకపోతే ఫోను. అక్కడ చేతులకి పని ఉండేది, నోరు ఖాళీగా ఉండేది. ఎన్ని కబుర్లు చెప్పారు! నేను వాసన అంటే మీరు మానేసేవారు. మానేస్తే పైకి వచ్చి మళ్ళీ పేపరు పట్టుకునేవారు. అందుకని ఊరుకున్నాను."

భీమేశ్వరరావు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఎండుపుల్లలా ఉంది. ఆ చెయ్యి అంత సన్నబడిందని ఆయన అప్పుడే గమనించాడు.

మర్నాడు కారుని గేటు బయట ఎండలో పెట్టి నాలుగు తలుపులూ తెరిచి ఉంచాడు. ఉత్త నీళ్ళతో తుడిచాడు. ఎంత తుడిచినా లోపలికి ఇంకిన నిమ్మవాసన పోలేదు. సీటు కవరు విప్పించి పారేశాడు. స్పాంజి మీద ఆవిడ పాత నేత చీర నాలుగు మడతలు వేసి పరిచాడు. ఆ తర్వాతి కీమోకి అద్దాలన్నీ దించుకుని వెళ్ళారు. సుబ్బలక్ష్మికి వెళ్ళేటప్పుడు వాంతి కాలేదు. పొద్దున ఒక ఇడ్లీ కూడా తింది. దారిలో బత్తాయి రసం కొని కారులోనే తాగించాడు. వొలికితే వొలికింది.

కానీ ఆ వారమే తీసిన స్కానింగ్ చూసి డాక్టరు కీమో ఆపేద్దామన్నాడు. మందు పనిచేయడం లేదు, ఇంటి దగ్గరే బాధ తెలియకుండా చూసుకుందాం అన్నాడు. వాసంతి తల్లిని బయట కూర్చోబెడుతుంటే, భీమేశ్వరరావు ఒక్కడే గదిలో ఆగాడు.

"డాక్టరుగారూ, కారులో నేను వాడిన మందు వాసనకి ఆవిడ తిండి మానేసిందండి. చాలా రోజులు తినలేదు. దానివల్లేమైనా ఇలా..."

"లేదండి. జబ్బే లొంగలేదు. మీరు అలాంటివి మనసులో పెట్టుకోకండి."

ఆయన తలూపాడు. నమ్మలేదు. ఆ డాక్టరు మంచివాడు కాబట్టి అలా అన్నాడనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటాడు.

ఇంక ఆసుపత్రి ప్రయాణాలు లేవు. కడగడానికి కారులో మరకలూ లేవు. భీమేశ్వరరావు సాయంత్రాలు ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పేపరు అటకెక్కించేశాడు. కానీ చేతులు ఊరికే ఉంటే ఆయనకి మాట తోచేది కాదు. రెండు రోజులు అలా మౌనంగా కూర్చున్నాక, వంటింట్లోంచి చిక్కుడుకాయల బుట్ట తెచ్చుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. అప్పుడు మాటలు వచ్చాయి. రోజూ ఏదో ఒకటి, గోరుచిక్కుళ్ళో, పచ్చిబఠాణీలో, చింతపండులో గింజలో. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. నొప్పి తగ్గడానికి ఇచ్చిన మందు మత్తులో మధ్యమధ్య నిద్రపోయేది. లేచి "ఆ తర్వాత?" అనేది. ఎక్కడ ఆగాడో అక్కడినుంచి మళ్ళీ చెప్పేవాడు.

కార్తీకమాసం మొదట్లో ఒకనాడు పొద్దున, వాసంతి కాఫీ కలుపుతుండగా, ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన పక్కనే ఉన్నాడు. ముందురోజు చెప్పిన కబురు సగంలో ఉంది.

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక ఆదివారం వాసంతికి ఏవో సామాన్లు కావాలంటే ఆయన కారు తీద్దామని సెల్లార్‌లోకి దిగాడు. మూడో అంతస్తులో ఉండే లక్ష్మీనారాయణ అక్కడ తన కొత్త కారు తుడుచుకుంటున్నాడు. చెయ్యి కలిపి, పరామర్శ మాటలు రెండు చెప్పి, మొహమాటంగా అడిగాడు.

"అంకుల్, ఇలా అడుగుతున్నానని ఏమీ అనుకోవద్దు. మీరు లోపల శుభ్రం చేయడానికి ఏదో వాడేవారు కదా. మా బాబు సీటు మీద పాలు ఒలకబోశాడు. వాసన పోవడం లేదు."

గోడ వారన అయిదు లీటర్ల డబ్బా ఇంకా సగానికి పైగా నిండుగానే ఉంది. భీమేశ్వరరావు దాన్ని తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండి. పది వంతుల నీళ్ళకి ఒక వంతు. వాసన పోలేదని ఎక్కువ పోయకండి. కడిగాక తలుపులు తీసి బాగా ఆరబెట్టండి."

"థాంక్స్ అంకుల్. డబ్బులు..."

"వద్దండి." ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "మీ ఆవిడని ముందుగా ఒకసారి అడగండి. వాసన పడుతుందో లేదో. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అడగాలి. నేను..."

లక్ష్మీనారాయణ చేతిలోని గుడ్డ పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. భీమేశ్వరరావు వద్దన్నట్టు చెయ్యి ఊపి, కారెక్కి తలుపు వేసుకున్నాడు. సుబ్బలక్ష్మి పోయిన రోజున గానీ, తర్వాతి రోజుల్లో గానీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. లక్ష్మీనారాయణ వాసంతికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల పరుగున కిందకి వచ్చి, అవతలి తలుపు తెరిచి, తల్లి చీర పరిచిన సీటులో కూర్చుని, తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"పద నాన్నా, సామాన్లు రేపు తెచ్చుకుందాం" అంది.

ఆయన తల ఎత్తలేదు. ఆ పిల్ల కూడా తొందరపెట్టలేదు.