బూటు పోగొట్టుకున్న బాతూ, మా చెల్లెలూ

మా చెల్లెలు బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం దాని పని. ఊరంతటికీ దాని గొంతు తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. అందుకు దానికి కాస్త గర్వం కూడా.

కడుపుతో ఉన్నప్పుడే మా చిన్నప్పటి పుస్తకాల పెట్టె నా దగ్గర్నుంచి పట్టుకుపోయింది. "పుట్టగానే ఇవన్నీ చదివి వినిపిస్తానక్కా" అని ఒకటే ఉబలాటం. అందులో సగం నావని గుర్తుచేసినా వింటేగా!

పిల్లాడు పుట్టాడు. పెట్టెడు పుస్తకాల్లో వాడికి నచ్చింది ఒక్కటే, ఒంటికాలి బూటు పోగొట్టుకుని ఊరూరా తిరిగే బాతు కథ. వేరే పుస్తకం తెరిస్తే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. బాతు కథయితే కళ్లింతలు చేసుకుని విని, మెల్లగా నిద్రలోకి జారుకునేవాడు. అదీ వాళ్లమ్మ చదివితేనే. నాయనమ్మ చదివితే ఏడుపు. నేను చదివితే ఇంకా పెద్ద ఏడుపు. వాళ్ల నాన్న, అంటే మా మరిది, లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి ఆయన బతికిపోయాడు.

ఇక మా చెల్లెలికి ఆ గదే లోకమైపోయింది. మంచం, ఊయల, కిటికీకి అడ్డంగా పక్క మేడ గోడ. కంచం ముందు కూర్చుంటే పిలుపు, తలకు పోసుకుంటుంటే పిలుపు. చెవుల మీద సబ్బు నురగ ఆరకముందే వచ్చి బాతు కథ అందుకునేది. చిన్నప్పుడు ఆ పుస్తకం కోసం నా జుట్టు పట్టుకుని పీకిన మనిషి, ఇప్పుడు దాని అట్ట కనబడితేనే మొహం తిప్పుకునేది.

"అసలు బాతుకి బూటెందుకక్కా? వట్టి కాళ్లతో ఏడవచ్చుగా!" అంది ఓసారి. నవ్వబోయి, దాని కళ్లు చూసి ఊరుకున్నాను.

సెలవు అయిపోవచ్చింది. సోమవారం చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామని ఆఫీసువాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. పిల్లాడేమో ఇంకెవరి దగ్గరా పడుకోడు. దాని తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్లత్తగారు మంచావిడే. "నా చదువులో ఏం లోపముందో చెప్పమ్మా, దిద్దుకుంటాను" అని నన్నడిగింది పాపం.

శనివారం నేను వాళ్ల వంటింట్లో గిన్నెలు తోముతూ దాని చదువు విన్నాను. "బాతు బయలుదేరింది." కాస్త ఆగి మళ్లీ, "బాతు బయలుదేరింది." ప్రతి వాక్యం రెండేసిసార్లు, చివరి మాట సాగదీసి. అచ్చం బస్టాండు మైకే! ఆ కథ నిండా రాకపోకలేనాయె. బయలుదేరడం, చేరుకోవడం అనే మాటలు నోట పడగానే మహాతల్లికి డ్యూటీ గొంతు వచ్చేస్తోంది. పిల్లాడు మరిగింది ఆ గొంతుకే.

తడిచేతులతోనే పరిగెత్తాను. "ఒసేయ్, కిటుకు దొరికింది! మీ అత్తగారికి నేర్పేస్తే నువ్వు హాయిగా డ్యూటీకి పోవచ్చు."

అది తలెత్తలేదు. "నాకు తెలుసక్కా. ఎప్పుడో తెలుసు."

నాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసీ ఆ పెద్దావిణ్ని అంత క్షోభ పెట్టావా? ఈ గదిలో పడి చస్తున్నానని నా చెవిలో జోరీగలా రొద పెట్టింది నువ్వేగా!"

"చస్తూనే ఉన్నా. కానీ అది కూడా నేర్పేస్తే ఇక వాడికి నాతో పనేముంటుంది?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. వెళ్లి దాని పక్కనే మంచమ్మీద కూర్చున్నాను.

సోమవారం పొద్దున చెల్లెలే అత్తగారిని పిలిచి పుస్తకం చేతికిచ్చింది. "ప్రతిదీ రెండుసార్లు చెప్పండత్తయ్యా. మధ్యలో గుక్క తిప్పుకోండి. చివర కాస్త సాగదీయండి." ఆవిడ బెరుగ్గా మొదలుపెట్టింది. పిల్లాడు ఏడవబోయి ఆగాడు. నాయనమ్మ మొహంలోకి చూస్తూ బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ సంతోషం చూడాలి!

చెల్లెలు నిదానంగా చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటి మెట్ల దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఎప్పుడు దిగిపోదామా అని ఏడ్చిన మెట్లే.

"ఆలస్యమవుతోందే, పద" అన్నాను.

"ఒక్క నిమిషం ఉండక్కా. ఏడుస్తాడేమో" అంది.

ఇద్దరం చెవులు రిక్కించి నిలబడ్డాం. వాడు ఏడవలేదు.