గోడ అవతల

మా చర్చి ఉపదేశి గడ్డం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. జ్ఞానస్నానం అందకుండానే చచ్చిపోయిన పసిగుడ్డుని పాతిపెట్టడానికి ఎవరు తెచ్చినా, ఆ గడ్డం సమాధుల గోడ అవతలున్న జీడితోట వైపు లేచేది. సొంత తొలిచూలు బిడ్డకీ అలాగే లేచింది. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది, పిల్లల్ని లోపలే పెట్టండని కొత్త ఫాదర్‌గారు చెప్పినా వినలేదు.

అతని భార్య మంచాన పడ్డాక మా అమ్మ చెయ్యి పట్టుకుంది. "నన్ను లోపలెట్టొద్దని సెప్పు వదినా. ఆ తోటలోనే, నా గుంటడి పక్కనెట్టమను."

ఆవిడ పోయిన రోజు అమ్మ ఆ మాట అతనికి చెప్పింది.

"జ్ఞానస్నానం అయిన మనిషిని బయటెలాగ ఎడతాం సెల్లీ?" అన్నాడు. గడ్డం ఎత్తి గోడ లోపలికి చూపించాడు.