థర్జా విన్న గొడ్డలి చప్పుడు

వీళ్ళ ధర్మం తగలెయ్య! మా ఒహాయో కౌంటీ పేదల సత్రంలో వంట నాది. నలభై ఏళ్ళు కాపురం చేసిన థర్జానీ, ఆమె మొగుడు ఎనోస్‌నీ గుమ్మంలోనే విడదీశారు. మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు, మధ్యలో తాళం. రోజూ పెరట్లో ఎనోస్ కట్టెలు కొడుతుంటే, ఆ చప్పుడు విని థర్జా నాతో "ఉన్నాడమ్మా, ఇంకా ఉన్నాడు" అనేది.

జనవరిలో ఒక పొద్దున ఆ చప్పుడు ఆగింది. ఎనోస్‌కి జ్వరమని తెలిసి థర్జా సూపరింటెండెంట్ హార్ప్ కాళ్ళావేళ్ళా పడింది.

"ఒక్క పూట ఆయన పక్కన కూర్చోనివ్వండి బాబూ."

"ఈ వయసులో మొగుడి పక్క కావాలా? సిగ్గులేదూ? రూలు రూలే!"

ఎనోస్ పోయాడు. నెల తిరక్కుండా థర్జా పోయింది. నేల గడ్డకట్టిందని శవాలను కొట్టంలో పడేశారు. మంచు కరిగాక, రెండు గోతులెందుకు దండగని ఇద్దర్నీ ఒకే గోతిలో, పక్కపక్కనే పడుకోబెట్టారు.

ఏరా హార్ప్, ఇప్పుడెక్కడికి పోయిందిరా నీ రూలు?